కాళ్ళు లేని వంతెన

ముందు ఆ సంగతి చెప్పేసి, మిగతావి తర్వాత నెమ్మదిగా రాస్తాను. నేను డిగ్రీ పాసయ్యాను. మా నాయన వైపు గానీ, అమ్మ వైపు గానీ డిగ్రీ దాకా వెళ్ళినదాన్ని నేనే. యాభై దాటాక పాసైనదాన్ని కూడా మా వీధిలో నేనే అయ్యుంటాను. కుప్పం పక్క పల్లెలో అంగన్‌వాడీ పని చేసుకుంటూ, ఇంటర్ ప్రైవేటుగా కట్టి, తర్వాత దూరవిద్యలో బి.ఏ. చేశాను. ఫలితాలు వచ్చిన రోజు నా కూతురు ఫోన్‌లో నా నంబరు మూడుసార్లు కొట్టి చూసింది. మూడుసార్లూ పాసనే వచ్చింది. అయినా నాలుగోసారి కొట్టమన్నాను. మర్నాడు అంగన్‌వాడీ పిల్లలకి గుడ్డుతో పాటు మైసూరుపాకు పెట్టాను. ఎందుకు పెట్టానో వాళ్ళకి అక్కర్లేదు, ఇంకోటి కావాలన్నారు.

ఆ సాయంత్రం మా నాయన మునెప్ప వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన నాతోనే ఉంటాడు. డెబ్బయ్యైదు దాటింది. పూర్వం పుంగనూరులో అంగళ్ళకి బోర్డులు రాసేవాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఇంగ నువ్వు పెద్ద సదువు సదివినట్టేనా?" అన్నాడు.

"సదివినట్టే నాయనా."

"కాగితం ఇస్తారా?"

"ఇస్తారు."

"దాంట్లో నీ పేరు ఎవురు రాస్తారు?"

"ఎవురూ రాయరు. మిషన్ కొడతాది."

"అట్లయితే అంత బాగుండదులే," అన్నాడు.

నేను నవ్వి, "నీకేం కావాల సెప్పు నాయనా. ఈ పొద్దు ఏదడిగినా చేస్తా," అన్నాను. చొక్కానో, కొత్త కళ్ళద్దాలో అడుగుతాడనుకున్నాను. ఆయన, "ఆ హౌరా వంతెన సూడాల. దానికి కాళ్ళు ఉండాయో లేవో నా కండ్లతో సూడాల," అన్నాడు. లోపల్నుంచి నా కూతురు, "తాతా, ఫోన్‌లో సూపిస్తా రా," అంది. "ఫోన్‌లో ఉండేది బొమ్మే గదమ్మా. బొమ్మలు నేనూ ఏసినా. వాటి సంగతి నాకు తెలుసు," అన్నాడు నాయన. నా కూతురికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఎందుకో చెప్పాలంటే పుంగనూరులో మేమున్న ఇంటి దగ్గర మొదలుపెట్టాలి.

అది ఒకే గది ఇల్లు, ముందు చిన్న పంచ. ఆ ఇంట్లో మేము ముగ్గురం: నేను, నాయన, నాయన తల్లి మా అవ్వ. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. పెద్దతిప్పసముద్రం పక్కన మెట్టపల్లె మాది. వానల్లేక, కూలి దొరక్క, అవ్వ కొడుకునీ నన్నూ తీసుకుని పుంగనూరు చేరింది. తెల్లవారక ముందే లేచి, రాగి సంగటి కెలికి ముద్దలు చేసి, చెనిక్కాయల పచ్చడి ఊరిబిండి నూరి పెట్టి, మదనపల్లె టమోటా మార్కెట్‌కి పోయే లారీ ఎక్కేది. అక్కడ గంపల్లో టమోటాలు ఏరడం ఆమె పని. పగిలినవి ఒక పక్క, దోరవి ఒక పక్క, దూరం పోయేవి ఒక పక్క. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఆమె చీర కొంగు, చేతులు, చివరికి తలవెంట్రుకలు కూడా టమోటా పులుపు వాసన వేసేవి. నాయన దగ్గర టర్పెంటైన్ వాసన, అవిసె నూనె వాసన. నేను ఇద్దరి మధ్యలో పడుకునేదాన్ని. ఇప్పటికీ ఎక్కడైనా ఇంటికి రంగులు వేస్తుంటే ఆ పక్క నుంచి నడిచేటప్పుడు నా అడుగులు నిదానిస్తాయి.

నాయన బోర్డులు రాసేవాడన్నాను కదా. ఆయనకి చదువు రాదు. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. అంగడి వాళ్ళు కాగితం మీద పేరు రాసిస్తే, ఆయన దాన్ని చూసి చూసి, రేకు మీద సుద్దతో గళ్ళు గీసుకుని, ఒక్కో అక్షరాన్నీ బొమ్మ వేసినట్టే వేసేవాడు. అక్షరాలకి ఆయన పెట్టుకున్న పేర్లు వేరే. 'అ' ఆయనకి పండుకున్న ఆవు. 'ళ' ముడేసిన తాడు. 'ఠ' బొట్టు పెట్టిన మొగం. నేను బడిలో చేరాక వాటి అసలు పేర్లు చెబితే, "ఓహో, దీన్ని అట్ల పిలస్తారా," అని ఎవరో చుట్టాల పిల్లల పేర్లు తెలుసుకున్నట్టు వినేవాడు. వేసిన అక్షరం మాత్రం అచ్చు గుద్దినట్టుండేది. చదువుకున్న వాళ్ళే ఆగి, "ఎవరప్పా రాసింది," అని అడిగేవాళ్ళు.

నేను ఏడో తరగతిలో ఉండగా, బస్టాండు దగ్గర ఫోటో స్టూడియో నడిపే కరీం సాబు నాయనని పిలిపించాడు. అప్పట్లో స్టూడియోలో మనుషుల వెనక పెద్ద గుడ్డ తెర ఉండేది. దాని మీద తోటో, మేడో, కొండో వేసి ఉండేది. కరీం సాబు తెర పాతబడిపోయింది. ఆయన ఒక క్యాలెండరు పేజీ నాయన చేతిలో పెట్టి, "ఇది కలకత్తా హౌరా వంతెన. దీన్ని గోడంత తెర మీద వెయ్యి. మన పుంగనూరోళ్ళు ఈడే నిలబడి కలకత్తా పోయొచ్చినట్టు ఫోటో తీయించుకోవాల," అన్నాడు. మదనపల్లెలో కూడా స్టూడియో పెట్టుకున్న స్నేహితుడు ఒకాయన ఉన్నాడనీ, తెర బాగా వస్తే ఆయన నాలుగు తెరలు వేయించుకుంటాడనీ, కుప్పంలో ఉన్నవాళ్ళకి కూడా తానే చెబుతాననీ అన్నాడు.

ఆ మాట మా ఇంట్లో పెద్ద మాట. ఎందుకంటే అప్పటికే అవ్వ నా గురించి మార్కెట్‌లో మాట్లాడి పెట్టింది. "ఏడో తరగతి సాలు. సంతకం పెట్టేది వచ్చె, బస్సు బోర్డు సదివేది వచ్చె. ఇంగేం గావాల? నాతో పాటు టమోటాలు ఏరేదానికి వస్తాది," అంటుండేది. ఆమె చెడ్డది కాదు. ఆమె నడుము ఆమెకి తెలుసు, ఇంకెన్నేళ్ళు వంగుతుందో లెక్క వేసుకుంటోంది. నాయన ఎదురు చెప్పలేదు. "ఈ తెర కానీమ్మా. అది బాగొస్తే నాకు ఎడతెగని పని దొరకతాది. అప్పుడు పాప బడి సంగతి సూద్దాం," అన్నాడు. అట్లా ఎక్కడో కలకత్తాలో ఉన్న వంతెన మీద నా ఎనిమిదో తరగతి ఆధారపడింది.

స్టూడియో వెనక రేకుల షెడ్డులో నాయన పని మొదలుపెట్టాడు. ముతక గుడ్డని కట్టెల చట్రానికి బిగించి, వజ్రం జిగురు కాచి, సుద్దపొడి కలిపి పూశాడు. అది ఆరాక గళ్ళు గీశాడు. బడి వదలగానే నేను ఆయనకి అన్నం తీసుకుని వెళ్ళేదాన్ని. రోజూ ఆ గుడ్డ మీద కొంచెం కొంచెంగా ఒక ఊరు పుడుతుండేది. వంతెన ఇనుప కమ్మీలు, కింద పొగ వదిలే పడవ, గట్టున స్నానాలు చేసే మెట్లు, పూలబుట్టలు నెత్తిన పెట్టుకున్న మనుషులు, అవతల రైలు స్టేషను ఎర్ర గోడలు. నేను సముద్రమూ చూడలేదు, నదీ చూడలేదు. మా పక్క వానొచ్చిన నాడు వంకల్లో పారేదే నీళ్ళు. అన్ని నీళ్ళు ఒకేచోట చూడటం నాకు అదే మొదలు.

ఒకరోజు వెళ్ళేసరికి నాయన క్యాలెండరు పట్టుకుని తల గోక్కుంటున్నాడు. "సూడు పాపా, దీన్ని ఏసినోడు కాళ్ళు మర్సిపోయినాడు," అన్నాడు. నిజమే, ఆ బొమ్మలో నది మధ్యలో ఒక్క స్తంభం కూడా లేదు. మా నాయన వాళ్ళ నాయన కుప్పం వైపు రైలు వంతెనలకి రాళ్ళు మోసిన మనిషి. రాతి కాళ్ళు లేకుండా వంతెన నిలబడడం మా వంశంలో ఎవరూ ఊహించని విషయం. అందుకని నాయన, పాపం, ఎవరో చేసిన తప్పుని తాను సరిదిద్దుతున్నాననుకుని, నదిలో నాలుగు స్తంభాలు నిలబెట్టాడు. ఒట్టి స్తంభాలు కాదు. కుప్పం నల్లరాయి, రాయి రాయికీ మధ్య సున్నం గీత, కింద నాచు, నీళ్ళలో వాటి నీడలు. తెర మొత్తంలో ఆ నాలుగు కాళ్ళే అన్నిటికంటే ముందు కంటికి కనబడేవి. వాటికే పది రోజులు పట్టింది.

తెరని ముందు గదిలో వేలాడదీసిన రోజు మదనపల్లె స్టూడియో ఆయన కూడా వచ్చాడు. నేను అన్నం గిన్నె పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన వెనక్కీ ముందుకీ నడిచి చూసి, "భలే ఏసినావప్పా మునెప్పా," అన్నాడు. నా కడుపు నిండిపోయింది. అంతలో కొత్త పెళ్ళాంతో ఫోటో తీయించుకోవడానికి ఒక మిలిట్రీ ఆయన వచ్చాడు, సెలవు మీద ఊరొచ్చినవాడు. తెర చూసి గట్టిగా నవ్వాడు.

"ఇదేందన్నా, హౌరాకి కాళ్ళు పెట్టినారు? దానికి నీళ్ళల్లో ఒక్క కాలు గూడా లేదు. నేను రెండుసార్లు దాటినా."

"కాళ్ళు ల్యాకుండా యాడన్నా నిలబడతాదా సామీ? మా నాయన వంతెనలకి రాయి మోసినోడు," అన్నాడు నాయన, మర్యాదగానే.

"మీ నాయన ఆడికొచ్చి మోసినాడా?"

కరీం సాబు ఇద్దరి మొహాలూ చూశాడు. ఎవరి మాట పట్టుకోవాలో తెలియలేదు. చివరికి నా వైపు తిరిగి, "పాపా, నువ్వు బడికి పోతాండావు గదా. మీ సోషల్ సార్‌ని అడిగి రా. పుస్తకంలో ఏముంటే అదే నిజం," అన్నాడు. అందరూ సరేనన్నారు. నాయన కూడా సరేనన్నాడు. ఆయనకి అనుమానమే లేదు.

సోషల్ సారు బడి వరండాలో పేపరు చదువుతున్నాడు. నేను అడిగితే బీరువా తీసి ఒక లావు పుస్తకం పట్టుకొచ్చి, బొమ్మ చూపించి, కింద ఉన్న వరస నా చేతే చదివించాడు. నదిలో ఒక్క స్తంభమైనా లేకుండా కట్టిన వంతెన అని ఉంది. "పడవలు పోయేదానికి అడ్డం ఉండకూడదని అట్ల కట్టినారు," అన్నాడు. "బాగా సదివినావు," అని కూడా అన్నాడు. ఆ మెచ్చుకోలు నాకు అప్పుడు రుచించలేదు.

బడి నుంచి స్టూడియోకి నడక ఎంతో లేదు. ఆ రోజు మాత్రం నేను దారి పొడుగునా ఆగుతూ నడిచాను. ఒక పొట్టి ఆవు దారికి అడ్డంగా పడుకుంటే, అది లేచేదాకా నిలబడ్డాను, పక్కనించి పోయే దారి ఉన్నా. కాళ్ళు ఉన్నాయని చెబితే మదనపల్లె ఆయన నాలుగు తెరలు చెబుతాడు, నేను ఎనిమిదికి పోతాను, నాయన నవ్వుతాడు. మిలిట్రీ ఆయన నాలుగు రోజుల్లో రైలెక్కి వెళ్ళిపోతాడు. లేవని చెబితే టమోటా గంపలు. ఇంత తేలికైన అబద్ధం నాకు మళ్ళీ జీవితంలో దొరకలేదు.

స్టూడియోలోకి వెళ్ళాను. అందరూ నా వైపు చూశారు. నాయన మొహంలో ఆ ధీమా అట్లాగే ఉంది. ఆయనే, "సెప్పు పాపా, పుస్తకంలో ఎట్లుంటే అట్ల సెప్పు," అన్నాడు.

"లేవు నాయనా. నదిలో ఒక్క కాలు గూడా లేదు."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. మదనపల్లె ఆయన తెర మీద నుంచి చూపు తిప్పుకుని, బస్సు టైమైందని లేచాడు. కరీం సాబు నాయన భుజం మీద చెయ్యి వేసి, "కాళ్ళు తీసేయప్పా. తెలిసినోడు ఎవడన్నా వచ్చి నవ్వితే నా స్టూడియో పేరు పోతాది," అన్నాడు. నాయన కుంచెలు తీసుకుని షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

ఆ వారం అవ్వ మాత్రం ఊరుకోలేదు. "సూసినావా సదువు చేసిన పని? కన్న తండ్రిని పదిమంది ముందర తలకాయ దించుకునేట్టు చేసె. పరీక్షలు అయిపోయినాక మార్కెట్‌కి రానీ, బుద్ధొస్తాది," అంది. నేను అన్నం తీసుకుని వెళితే నాయన గిన్నె అందుకునేవాడు, నా మొహం చూసేవాడు కాదు. పది రోజులు కష్టపడి వేసిన రాళ్ళని ఒక్కొక్కటే నీళ్ళ రంగు కింద ముంచేస్తున్నాడు. నేను తలుపు దగ్గరే ఉండి, గిన్నె ఖాళీ అయ్యాక తీసుకుని వచ్చేసేదాన్ని. మార్కెట్‌కి పోవడానికి మనసు సిద్ధం చేసుకున్నాను కూడా. పగిలిన పండుని చూడగానే ఎట్లా పట్టాలో అవ్వని అడిగి నేర్చుకున్నాను.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం నాయన తొందరగా ఇంటికొచ్చాడు. చేతులకి ఇంకా నీలం రంగు ఉంది. అవ్వ అప్పుడే లారీ దిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. ఆయన నిలబడే చెప్పాడు.

"అమ్మా, పాప బడికి పోతాది."

"పోతే కూడెట్ల?"

"దాని బదులు నేనొస్తా నీతో. తెల్లారి గంపలు ఎత్తి, మద్యాన్నంగా వచ్చి బోర్డులు రాసుకుంటా."

"నీకేమన్నా ఎర్రి పట్టిందా? నిన్ను తప్పు పట్టిన దానికి సదువా?"

"తప్పు పట్టేవాళ్ళు ఇంట్లో ఒకరన్నా ఉండాల గదమ్మా. ఇన్నేండ్లు బోర్డులు రాసినా, దేంట్లో ఏం తప్పుందో నాకేం తెలుసు?"

అవ్వ ఆయన్ని తిట్టింది, నన్ను తిట్టింది, టమోటాలని కూడా తిట్టింది. మర్నాడు మాత్రం మూడు సంగటి ముద్దలు కట్టింది. రెండు వాళ్ళిద్దరికీ, ఒకటి బడికి పోయే నాకు. అట్లా మూడేళ్ళు నాయన గంపలు ఎత్తాడు. బరువులు మోసిన చెయ్యి వణుకుతుందని, ఇంటికొచ్చాక గంటసేపు చేతులు వేడినీళ్ళలో పెట్టుకుని కూర్చుని, వణుకు తగ్గాక కుంచె పట్టేవాడు. ఆ మూడేళ్ళలో నేను పది పాసయ్యాను. తర్వాత పెళ్ళి, కుప్పం, పిల్ల, అంగన్‌వాడీ. చదువు మధ్యలో ఆగినా, అది ఎక్కడ ఆగిందో నాకు ఎప్పుడూ గుర్తే ఉండింది. పుంగనూరు సగం ఊరు ఆ తెర ముందు నిలబడి ఫోటోలు తీయించుకుంది. ఇప్పుడక్కడ స్టూడియో లేదు, ఫోన్లు బాగుచేసే అంగడి ఉంది. బోర్డులన్నీ ఫ్లెక్సీలే. మదనపల్లె మార్కెట్‌లో గంపల బదులు ప్లాస్టిక్ క్రేట్లు. ఏరేవాళ్ళలో ఇప్పుడూ ఆడవాళ్ళే ఎక్కువ, కానీ వాళ్ళ కూతుళ్ళు ఆ వేళకి కాలేజీ బస్సుల్లో ఉంటున్నారు. నా అంగన్‌వాడీకి వచ్చే పిల్లల తల్లుల్లో డిగ్రీ చదివినవాళ్ళు ఉన్నారు. వాళ్ళని చూసి నాకు కొన్నాళ్ళు సిగ్గుగా ఉండేది. ఇప్పుడు లేదు.

నా కూతురు మా ఇద్దరికీ టికెట్లు తీసింది. కుప్పంలో రైలెక్కి బెంగళూరు, అక్కడి నుంచి హౌరా. దారి పొడుగునా నాయన కిటికీ వదల్లేదు. నది వచ్చిన ప్రతిసారీ రైలు వంతెన కాళ్ళు లెక్కపెట్టాడు. కృష్ణ మీద, గోదావరి మీద లెక్క తప్పిపోయి నన్ను కోప్పడ్డాడు, మధ్యలో మాట్లాడించినందుకు.

హౌరా స్టేషను బయటికి రాగానే ఎదురుగా అదే ఉంది. మేము వెతుక్కోనక్కర్లేదు. నాయన సంచీ కింద పెట్టి నిలబడిపోయాడు. ఆకాశంలో సగం ఇనుమే. నేను ఫోన్ తీయబోతే ఒక పోలీసాయన చెయ్యి ఊపి, వంతెనకి ఫోటోలు తీయకూడదన్నాడు. "మన పుంగనూరే మేలు," అన్నాడు నాయన. వంతెన మీద నడిచాం. బస్సులు పోతుంటే కాళ్ళ కింద అది సన్నగా ఊగుతోంది. కూలీలు నెత్తిన కొండంత మూటలతో పరుగులాంటి నడకతో మమ్మల్ని దాటిపోతున్నారు. నాయన ఒక్కో కమ్మీనీ తాకి చూశాడు. "నేను దీంట్లో నీలం శానా కలిపినా. ఇది బూడిదరంగు," అని గొణిగాడు. అవతలి గట్టున మెట్లు దిగితే పూలమార్కెట్. మన కుప్పం తోటల్లో పూసే బంతిపూలే అక్కడ గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. సూదితో గుచ్చి తాళ్ళలాగా చుట్టి అమ్ముతున్నారు. ఒక ముసలామె నాయన చేతిలో ఒక పువ్వు పెట్టి ఏదో అంది. ఆయన తెలుగులో, "బాగుండాదమ్మా," అన్నాడు. ఇద్దరికీ సరిపోయింది.

ఆ పక్కనే వంతెన మోసే రెండు పెద్ద గోపురాల్లాంటి ఇనుప కాళ్ళలో ఒకటి గట్టు మీద దిగబడి ఉంది. నాయన దాని చుట్టూ చూసి నా వైపు తిరిగాడు.

"ఇదేంది మరి? ఇది కాలు కాదా?"

"కాలే నాయనా. కానీ గట్టు మీద ఉండాది."

"యాడుంటే ఏంది. కాళ్ళు ల్యాకుండా నిలబడదని నేను ఆ పొద్దే సెప్పినా."

"సెప్పినావు. నీళ్ళల్లో పెట్టినావు."

"ఆ ఒక్కటే తప్పు," అని ఒప్పుకున్నాడు.

తర్వాత పడవెక్కాం, నదిలోంచి చూడాలన్నాడు. పడవ వంతెన కిందికి వచ్చినప్పుడు ఆయన తల పైకెత్తాడు. పైన ఇనుము తప్ప ఇంకేమీ లేదు. కింద ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నది ఒక్కటే ముక్కగా పోతోంది. నలభై ఏళ్ళుగా అడగని మాట అప్పుడు అడిగాను.

"నాయనా, ఆ దినం నామింద కోపం రాలేదా?"

"రాకుండా ఉంటాదా. వచ్చింది."

ఆయన అంత తొందరగా ఒప్పుకుంటాడనుకోలేదు.

"శానా వచ్చింది. మూడు కాళ్ళు చెరిపేదాకా ఉండింది. నీ మొగం సూడబుద్ధి కాల్యా."

"మళ్ళ?"

"నాలుగోది చెరిపినాక దూరంగా పోయి నిలబడి సూసినా. నీళ్ళు ఈ పక్కనుంచి ఆ పక్కకి అడ్డం ల్యాకుండా పోతాండాయి. నేనేసిన వాట్లల్లో అంత బాగా వచ్చింది ఇంగొగటి లేదు. దీనికి నేనే గదా అడ్డం పెట్టింది అనుకున్యా. కుంచె కడిగి నేరుగా ఇంటికొచ్చి మీ అవ్వతో సెప్పినా, నువ్వు బడికి పోతావని."

ఇన్నేళ్ళూ నేను, నా మీద జాలిపడి చదివించాడనుకున్నాను. అది తలుచుకుని ఎన్నిసార్లో లోలోపల దండం పెట్టుకున్నాను. కాదు, నేను చెప్పిన మాట వల్ల ఆయన బొమ్మ బాగైంది. అందుకని చదివించాడు. పదమూడేళ్ళ పిల్లగా నేను మా నాయనకి ఒక పనికొచ్చే మాట చెప్పాను. ఆయన దాన్ని తీసుకున్నాడు. జాలి కంటే అది నాకు ఎంతో ఎక్కువనిపించింది. పడవ అంచు పట్టుకుని అట్లాగే కూర్చున్నాను.

అవతలి రేవు దగ్గర పడింది. జనం లేస్తున్నారు. నాయన మాత్రం లేవలేదు.

"డిగ్రీ పైన ఏముంటాది?" అన్నాడు.

"ఎం.ఏ."

"ఎన్నేండ్లు?"

"రెండేండ్లు నాయనా."

వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు.

"అయితే కట్టు. నేనుంటాలే," అన్నాడు.